విలన్ ఒకప్పుడు రైతు

ఫ్రాన్సులో 13వ శతాబ్దం నాటి కథ ఒకటుంది. ఒక రైతు చనిపోయాడు. అతని జీవుణ్ణి తీసుకుపోవడానికి దేవదూతలు రాలేదు, నరకం నుంచి దయ్యాలూ రాలేదు. పట్టించుకునేవాళ్ళు లేక ఆ జీవుడు తనంతట తానే బయల్దేరి, స్వర్గానికి వెళ్తున్న మరొకరి వెనకాలే నడిచి లోపలికి చేరాడు. సెయింట్ పీటర్ చూసి కసిరాడు. ఇది నీలాంటివాళ్ళు ఉండే చోటు కాదన్నాడు. రైతు బెదరలేదు. ఏసుప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకినవాడివి, నువ్వెలా ఉన్నావిక్కడ అని నిలదీశాడు. పీటర్ వెళ్ళి థామస్‌ను వెంటబెట్టుకొచ్చాడు. గాయాలు తడిమి చూస్తేగాని నమ్మనన్నది నువ్వే కదా అన్నాడు రైతు. తర్వాత పాల్ వచ్చాడు. స్టీఫెన్‌ను రాళ్ళతో కొట్టి చంపుతుంటే నువ్వు ఎవరి పక్కన నిలబడ్డావని అడిగాడు. చివరికి దేవుడే విచారణకు వచ్చాడు. బతికినన్నాళ్ళూ పేదలకు అన్నం పెట్టాను, చలికి వణికేవాళ్ళకు నిప్పు చూపించాను, నీ శిష్యుల్లా నిన్ను ఎన్నడూ కాదనలేదు అని వాదించి ఆ రైతు స్వర్గంలో చోటు గెలుచుకున్నాడు.

కథంతటా ఆ రైతుకు వేరే పేరు లేదు. 'విలైన్' అనే పిలుస్తారు. మనం సినిమా హాల్లో, పత్రికల్లో, ఇంటి గొడవల్లో వాడుతున్న 'విలన్' ఆ మాటే. కష్టపడి దున్నుకు బతికేవాడి పేరు లోకంలోని దుర్మార్గులందరి పేరు ఎలా అయింది? దీని మీద భాషావేత్తలు, చరిత్రకారులు, సాహిత్య విమర్శకులు ఎవరి దారిలో వాళ్ళు చాలా రాశారు. ఆ దారులన్నీ కలిపి చూస్తే తప్ప జవాబు దొరకదు. పైగా ఈ ప్రశ్న ఇంగ్లీషువాళ్ళది మాత్రమే కాదు. మన మాటల్లోకి కూడా తొంగిచూడక తప్పదు.

ముందు పుట్టుక సంగతి. లాటిన్‌లో 'విల్లా' అంటే పల్లెపట్టున ఉన్న ఎస్టేటు. యజమాని ఉండే భవంతి, ధాన్యపు కొట్లు, పశువుల కొట్టాలు, చుట్టూ పొలాలు అన్నీ కలిపి విల్లా. దాన్ని అంటిపెట్టుకుని పనిచేసేవాడు 'విల్లానుస్'. పాత ఫ్రెంచిలో అది విలైన్ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ళ ఫ్రెంచితోపాటు ఈ మాట కూడా సముద్రం దాటింది. 1300 ప్రాంతానికి ఇంగ్లీషు రాతల్లో కనిపిస్తుంది. విల్లా అన్న మూలమాటకు మాత్రం ఏ మచ్చా అంటలేదు. ఫ్రెంచిలో అది 'విల్' అయి నగరానికి పేరైంది. ఇంగ్లీషు విలేజ్ అందులోంచి వచ్చిందే. హైదరాబాదు శివార్లలో కోట్లు పోసి కొనే విల్లా కూడా అదే. ఇల్లు పరువు నిలుపుకుంది, ఇంటి కింద చాకిరీ చేసినవాడు పరువు పోగొట్టుకున్నాడు.

ఇంకా వెనక్కి వెళ్తే మనకు దగ్గరి చుట్టరికమే కనిపిస్తుంది. లాటిన్ విల్లాను భాషావేత్తలు ఇండో యూరోపియన్ భాషల్లో 'నివాసం, జనపదం' అనే అర్థమున్న ఒక ధాతువుతో కలుపుతారు. సంస్కృతంలో ఆ ధాతువు 'విశ్' అనే రూపంలో ఉంది. వైశ్య శబ్దం దాని నుంచి వచ్చింది. మహాభారతంలో రాజును 'విశాంపతీ' అని పిలవడం మన చెవులకు అలవాటే. విశులకు, అంటే ప్రజలకు పతి అని దాని అర్థం. గ్రీకులో ఇంటిని చెప్పే మాట, దాని నుంచి వచ్చిన ఎకానమీ, ఎకాలజీ కూడా ఈ కుదురువే. ఒకే వేరు ఒకచోట రాజు బిరుదులోకి, మరోచోట దుర్మార్గుడి పేరులోకి పాకింది. వేరులో మంచీ చెడూ లేవు. నేల మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నదే తేడా.

1086లో విలియం రాజు ఇంగ్లండంతా సర్వే చేయించి రాయించిన డూమ్స్‌డే గ్రంథం ఈ చరిత్రలో పెద్ద సాక్ష్యం. అందులో లక్షకు పైగా విల్లానుస్‌ల లెక్క ఉంది. ఆ సర్వేలో నమోదైన తరగతుల్లో అదే పెద్దది. వాళ్ళు బానిసలు కారు. బానిసలను ఆ గ్రంథంలోనే వేరుగా లెక్కగట్టారు. విల్లానుస్‌కు సాగు చేసుకునే భూమి ఉండేది, ఎడ్లుండేవి. ఆ గుమాస్తాలు రాసినప్పుడు ఆ మాటలో నింద లేదు. మన పాత రికార్డుల్లో 'రయితు' అని రాసినట్టే రాశారు.

తర్వాతి 2 శతాబ్దాల్లో వాళ్ళ మెడకు ఉచ్చు బిగిసింది. ప్రభువు అనుమతి లేనిదే ఊరు విడిచి వెళ్ళకూడదు. వారంలో కొన్ని రోజులు కూలి లేకుండా ప్రభువు పొలంలో పనిచేయాలి. కూతురికి పెళ్ళి చేస్తే ప్రభువుకు రుసుము కట్టాలి. ఇంటి పెద్ద చనిపోతే దొడ్లోని మేలైన పశువును ప్రభువు తోలుకుపోతాడు. చట్టం లెక్కన అతని చరాస్తి అంతా ప్రభువుదే. ప్రభువు మీద రాజు కోర్టులో దావా వేసే హక్కు లేదు. పారిపోయి పట్టణంలో ఒక ఏడాది ఒక రోజు దొరక్కుండా బతికితే మాత్రం స్వేచ్ఛ వచ్చేది. దీన్ని చదువుతుంటే తెలంగాణ పల్లెల్లో నిజాం పాలన చివరిదాకా సాగిన వెట్టి గుర్తుకు రాకుండా ఉండదు. రెండు దేశాల చట్టాలు వేరు, కాలాలు వేరు. కానీ పండగకూ పెళ్ళికీ చావుకీ దొర ఉండే గడి గుమ్మం దగ్గర చెల్లించుకోవలసిన అప్పనాల జాబితా చూస్తే ఆ రెండు బతుకులు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి.

1348లో వచ్చిన మహామారి ప్లేగు ఇంగ్లండు జనాభాలో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టింది. పనిచేసే చేతులు కరువయ్యాయి, కూలి రేట్లు పెరిగాయి. పెరగకూడదని 1351లో చట్టం చేశారు. 1381లో పల్లెలు తిరగబడ్డాయి. ప్రభువులు తమ ఎస్టేట్లలో నడిపే మెనార్ కోర్టుల రికార్డులు ఎక్కడ దొరికితే అక్కడ తగలబెట్టారు. తాము విలైన్‌లమని రుజువు చేసే కాగితాలు అవే మరి. 14 ఏళ్ళ రాజు రెండో రిచర్డు మైల్ ఎండ్ దగ్గర వాళ్ళ ముందుకు వచ్చి దాస్యం రద్దు చేస్తూ పత్రాలు ఇచ్చాడు. మర్నాడు స్మిత్‌ఫీల్డ్‌లో వాళ్ళ నాయకుడు వాట్ టైలర్ హతమయ్యాడు. ఇచ్చిన పత్రాలను రాజు రద్దు చేశాడు. అయినా ఆ వ్యవస్థ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు, నెమ్మదిగా అంతరించింది. చాలా కాలం తర్వాత, 1772లో, జేమ్స్ సోమర్సెట్ అనే నల్లజాతి బానిస విడుదల కోసం లండన్ కోర్టులో వాదించిన ఫ్రాన్సిస్ హార్‌గ్రేవ్ ఈ చరిత్రనే ముందు పెట్టాడు. మా చట్టం ఎరిగిన దాస్యం ఒక్కటే, అది అంతరించింది, కొత్తదాన్ని పుట్టించడానికి వీల్లేదు అన్నది ఆయన వాదన సారం. సోమర్సెట్ స్వేచ్ఛగా బయటికొచ్చాడు.

మనుషులు విముక్తులయ్యారు గానీ వాళ్ళ పేరు కాలేదు. ఈ మలుపు గురించి నాకు తెలిసినంతలో బాగా తేల్చి చెప్పినవాడు సి.ఎస్. లూయిస్. 1960లో వచ్చిన 'స్టడీస్ ఇన్ వర్డ్స్' పుస్తకంలో ఆయన ఒక సూత్రం చూపించాడు. అంతస్తును చెప్పే మాటలు కాలక్రమంలో గుణాన్ని చెప్పే మాటలవుతాయి. పైవాళ్ళ పేర్లు సుగుణాలవుతాయి, కిందివాళ్ళ పేర్లు దుర్గుణాలవుతాయి. నోబుల్, జెంటిల్, జెనరస్ అన్నవి ఒకప్పుడు పుట్టుకను చెప్పిన మాటలే. అటు పక్కన చూస్తే మోటు మనిషికి వాడే చర్ల్, బోర్ అనే మాటలు రైతులవి, నేవ్ అంటే పనికుర్రాడు. ఊళ్ళో ఉండేవాడని అర్థమిచ్చిన లాటిన్ మాట నుంచి పేగన్ వచ్చింది.

ఈ సూత్రం నిజమే, కానీ అంతటితో సరిపోదని నా అభిప్రాయం. మాటలు వాటంతటవే ఇలా జారవు. రాతబల్ల ముందు ఎవరు కూర్చున్నారో చూడాలి. ఫ్రెంచి వీరగాథలను రాజసభల కోసం, వీరుల కోసం రాశారు. వాటిలో సభా మర్యాద తెలిసినవాడు ఒక వైపు, విలైన్ మరో వైపు. పిసినారితనం, పిరికితనం, కృతఘ్నత, వికారం అన్నీ విలైన్ లక్షణాలు. దున్నేవాడు తన గురించి రాసుకోలేదు కాబట్టి రాసినవాడి అభిప్రాయమే నిఘంటువులో మిగిలింది. లాటిన్‌లో చౌకబారుకు ఉన్న 'విలిస్' అనే మాట దీనికి చుట్టం కాదు. అయినా ఉచ్చారణ దగ్గరగా ఉండి, నింద అతుక్కోవడానికి అది కూడా ఓ చెయ్యి వేసిందని అనుకోవచ్చు. మొదట చెప్పిన స్వర్గం కథ అందుకే నాకు విలువైనది. మాట దిగజారుతున్న కాలంలోనే ఎవరో కథకుడు దాన్ని ఒడిసిపట్టుకుని, పీటర్ కంటే ఈ విలైన్ ఏం తక్కువ అని అడిగాడు.

ఈ మాట పక్కదారుల్లో ఇంకొన్ని బతుకులు కూడా బతికింది. ఇటలీ పల్లెపాట నుంచి విలనెల్ అనే పద్య ప్రక్రియ వచ్చింది. స్పెయిన్‌లో క్రిస్మస్ పాటను విల్యాన్సీకో అంటారు, అది కూడా పల్లెవాడి పాటే. ఫ్రెంచిలో ఈనాడు ఆ మాటకు అంత క్రూరత్వం లేదు. అల్లరి పిల్లవాణ్ణి, అందంగా లేని వస్తువును అలా అంటారు. ఆండర్సన్ రాసిన అందవికారపు బాతుపిల్ల కథకు ఫ్రెంచి పేరులో ఉన్నది ఈ మాటే. పూర్తి దుర్మార్గుడిగా మార్చింది ఇంగ్లీషు.

ఇంగ్లీషులో రెండర్థాలూ ఇంకా పక్కపక్కనే ఉన్న కాలానికి షేక్‌స్పియర్ సాక్షి. 'యాజ్ యు లైక్ ఇట్' మొదటి రంగంలోనే అన్న ఆలివర్ తమ్ముడు ఆర్లండోను విలన్ అని తిడతాడు. ఆర్లండో దాన్ని పాత అర్థంలో అందుకుంటాడు. నేను దొరబిడ్డను, మన తండ్రికి విలన్లు పుట్టారనడమే విలన్ పని అంటాడు. ఒకే మాటలో దాసుడూ దుర్మార్గుడూ ఢీకొనడం ఆనాటి ప్రేక్షకులకు వివరించనక్కరలేకుండా అర్థమైంది. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. చరిత్ర పుస్తకాల్లోని దాసుడికి ఒక వర్ణక్రమం, దుర్మార్గుడికి మరొకటి స్థిరపడ్డాయి. కథను నడిపించే దుష్టపాత్ర అనే ప్రత్యేకార్థం 19వ శతాబ్దం మొదట్లో కుదురుకుంది. మెలోడ్రామా నాటకాలు దాన్ని జనంలోకి తీసుకెళ్ళాయి. సినిమా ఆ వేషాన్ని నాటకం నుంచే తీసుకుంది.

మన దగ్గర ఆ వేషానికి పేరు లేకపోలేదు. 10వ శతాబ్దంలో ధనంజయుడు రాసిన దశరూపకం ప్రతినాయకుడి లక్షణాలు చెబుతుంది. లోభి, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపి, వ్యసనపరుడు. రాముడికి రావణుడు, ధర్మరాజుకు దుర్యోధనుడు ఉదాహరణలు. కానీ ఆ మాటను విడదీసి చూడండి. ప్రతినాయకుడంటే నాయకుడికి ఎదురు నిలిచినవాడు. అందులో నాయకత్వం ఉంది. ధీరోద్ధతుడన్నది నాయక భేదాల్లో కూడా ఒకటి. అందుకే 'సీతారామ కళ్యాణం'లో ఎన్.టి. రామారావు రావణుడై, 'దానవీరశూర కర్ణ'లో దుర్యోధనుడై నిలబడితే జనం చప్పట్లు కొట్టారు. తిరుపతి వేంకటకవుల నాటకాల్లో దుర్యోధనుడి పద్యాలకు ఊళ్ళకు ఊళ్ళే వన్స్‌మోర్ కొట్టాయి. విలన్‌కు ప్రతినాయకుడు సరైన తెలుగు అని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. విలన్ అనే మాటలో తీర్పు ఉంది, ప్రతినాయకుడనే మాటలో పోటీ ఉంది.

విలన్‌కు దగ్గరగా వచ్చేది ఖలుడు. అమరకోశం దాన్ని దుర్జనుడి పక్కన పెట్టింది. బాణుడు కాదంబరి మొదట్లోనే ఖలుల మీద విరుచుకుపడ్డాడు. సంస్కృతంలో 'ఖల' అంటే ధాన్యం నూర్చే కళ్ళం అనే అర్థం కూడా ఉండటం ఈ చర్చలో ఆగి చూడవలసిన విషయం. ఆ రెండర్థాలకూ సంబంధం ఉందని చెప్పే సాహసం చేయను. కానీ కళ్ళమూ దుష్టుడూ ఒకే మాటలో పక్కపక్కన కూర్చోవడం చూసినప్పుడల్లా ఆ విల్లా పొలాలు నా కళ్ళ ముందుకొస్తాయి. అసుర శబ్దం కథ ఇంకా స్పష్టం. ఋగ్వేదంలో వరుణుణ్ణి అసురుడని గౌరవంగా పిలిచారు. ఇరాన్ వైపు అదే మాట అహుర అయి పరమేశ్వరుడి పేరులో నిలిచింది. మన వైపు రాక్షసుడైంది. ఆ తర్వాత మొదటి అక్షరాన్ని వ్యతిరేకార్థంగా పొరబడి, అది తీసేసి 'సుర' అనే దేవతావాచకాన్ని పుట్టించారు. అక్కడా ఎవరి పక్షం రాసిందన్నదే అర్థాన్ని నిర్ణయించింది.

తెలుగువాళ్ళ వాడుకలో ఇంకో సంపద ఉంది. చెడ్డవాళ్ళందరినీ ఒకే గాటన కట్టడం మనకు అలవాటు లేదు. అడ్డుపడేవాడు సైంధవుడు. ఆడవాళ్ళను వేధించేవాడు కీచకుడు. పక్కనుండి తప్పుదారి పట్టించేవాడు శకుని. మనసు విరిచేది మంథర. తోడుండి నీరుగార్చడం శల్యసారథ్యం. పత్రికల శీర్షికల్లో ఇవన్నీ నేటికీ సజీవంగా ఉన్నాయి. ఇంతమంది ఉండగా విలన్ ఎందుకొచ్చాడంటే, సినిమాకు ఒక ఖాళీకి పేరు కావలసి వచ్చింది. హీరో, హీరోయిన్, కమెడియన్ లాగా అది వేషం పేరు. ఆ వేషంలోకి ఎవరైనా రావచ్చు. 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడుగా వచ్చాడు, 'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు కంట్రాక్టరుగా వచ్చాడు, 'శివ'లో రఘువరన్ భవానీగా వచ్చాడు. సూర్యకాంతం అత్తగా వస్తే ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడానికే జనం జంకారు. మాటను మనం మనదిగా చేసుకున్న తీరు కూడా చూడాలి. విలనీ అన్నాం, విలనిజం అన్నాం, మెయిన్ విలన్, లేడీ విలన్, కామెడీ విలన్ అన్నాం. ఇవాళ షుగరు విలన్, వాన విలన్, పెళ్ళి చెడితే మేనమామ విలన్.

ఇంగ్లీషువాడు రైతును దుర్మార్గుణ్ణి చేశాడని వేలు చూపించే ముందు మన నిఘంటువు తెరవాలి. నగరం నుంచి నాగరికుడు వచ్చాడు. గ్రామం నుంచి గ్రామ్యం వచ్చింది. అలంకారశాస్త్రంలో అది కావ్యదోషం. వ్యాకరణంలో లక్షణానికి విరుద్ధమైన భాష. గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషను బడిలో, పుస్తకంలో పెట్టమని పోరాడినప్పుడు అవతలి పక్షం చేతిలో ఉన్న పెద్ద ఆయుధం ఈ ఒక్క మాటే. పెద్దమనిషి అనే మాట చూడండి. పెద్దరికం అంతస్తు, అది మంచితనమైంది. జెంటిల్‌మన్ కథ అచ్చంగా ఇదే. పోరంబోకు అంటే ఎవరి పేరనా లేని నేల, అది మనిషిని తిట్టే మాటైంది.

వీటన్నిటికంటే బరువైనది ఇంకోటుంది. కూర బాగాలేకపోతే, రోడ్డు బాగాలేకపోతే, చేతిరాత బాగాలేకపోతే మనం అలవోకగా 'చండాలంగా ఉంది' అంటాం. అది ఒక కులం పేరు. ఊరి బయట ఉంచి, నీడ సోకకూడదని దూరం పెట్టిన మనుషుల పేరు. విలన్ అనే ఇంగ్లీషు మాటలో దాసుడి బతుకు ఎవరికీ కనిపించనంత లోతుకు పూడిపోయింది, ఆ వ్యవస్థ కూడా పోయింది. ఇక్కడ ఆ మాట అనిపించుకున్నవాళ్ళ మనవలు మన పక్క కుర్చీలో కూర్చుని వింటున్నారు. నేను కూడా చాలా ఏళ్ళు ఆలోచించకుండా ఈ మాట వాడినవాణ్ణే. దీని పుట్టుక తెలిశాక నోరు రాలేదు.

వేషం పేరు వచ్చాక ఆ వేషానికి భాష కూడా కావాలి. శూద్రకుడి మృచ్ఛకటికంలో వసంతసేన గొంతు నులిమిన శకారుడు రాజుగారి బావమరిది. 'స'ను 'శ'గా పలికే మాగధి యాస ఒకటి అతని నోట్లో పెట్టారు. చెడ్డవాడి యాస వినగానే సభ నవ్వాలి. సినిమాల్లో తెలంగాణ యాసకు చాలాకాలం ఇదే గతి పట్టింది. 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు మంత్రి కాశయ్యగా మాట్లాడింది ఆ యాసే. ఆయన నటన గొప్పది, అందులో సందేహం లేదు. కానీ హీరో మాత్రం పుస్తకంలోని భాష మాట్లాడి, విలనూ కమెడియనూ మా నాన్న భాష మాట్లాడతారా అని తెలంగాణ పిల్లలు అడగడం న్యాయమే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో ఈ ప్రశ్న గట్టిగా వినిపించింది. 2017లో 'ఫిదా'లో భానుమతి అనే కథానాయిక, 2023లో 'బలగం'లో ఊరు ఊరంతా ఆ యాసలో మాట్లాడితే తెలుగువాళ్ళంతా తమ ఇంటి మాటలా విన్నారు.

తెలుగు సినిమా విలన్‌కు సంబంధించి ఇంకో పని చేసింది. విమర్శకులు దీన్ని తగినంతగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశాడు. జమీందారు అన్యాయాన్ని తెరకెక్కించినందుకు జమీందార్లు మండిపడ్డారు. 1955లో 'రోజులు మారాయి' వచ్చింది. రైతులను ముంచే జమీందారుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, ఎదురు తిరిగే రైతుగా అక్కినేని నాగేశ్వరరావు. ఆ తర్వాత మూడు నాలుగు దశాబ్దాల పాటు మన ఊరి సినిమాల్లో విలన్ అంటే మునసబు, భూస్వామి, ప్రెసిడెంటు, దొర. పంచెకట్టు, ఉంగరాలు, వాలుకుర్చీ, వెనక ఇద్దరు పాలేర్లు. కొన్ని మంచి సినిమాలు, చాలా వాటిలో మూస. కానీ మూసలో కూడా ఎవరిని ఎక్కడ నిలబెట్టారో చూడాలి.

1979లో గౌతమ్ ఘోష్ 'మా భూమి' తీశాడు. కృషన్ చందర్ నవల ఆధారంగా, తెలంగాణ సాయుధ పోరాటం నేపథ్యంగా వచ్చిన సినిమా అది. దొర ఉండేది గడిలో. గడి చుట్టూ అతని పొలాలు. ఆ పొలాల్లో వెట్టి చేసే కుటుంబంలోని కుర్రాడు రామయ్య. చూసినవాళ్ళెవరికైనా విలన్ ఎవరో చెప్పనక్కరలేదు. 1086లో డూమ్స్‌డే గుమాస్తా ఆ ఊరికి వచ్చి ఉంటే, గడిని విల్లా అని, రామయ్య తండ్రిని విల్లానుస్ అని రాసుకుని పోయేవాడు.